అత్తమ్మ పాదులు, కోడలి బకెట్లు

నల్గొండ నుంచి ఒక చెల్లె రాసింది. మామయ్య పోయినంక అత్తమ్మను మర్రిగూడ దిక్కు ఊరి నుంచి తమ దగ్గరికి తెచ్చుకున్నరు, ఇంకా ఏడాది కాలే. ఇంటెనుక చిన్న జాగల అత్తమ్మ బీర, టమాట, వంకాయ, పుంటికూర అన్ని పెట్టింది. మార్చి దాటిందో లేదో బోరు గాలి కొట్టుడు మొదలుపెట్టింది, సంపుల నీళ్లు మధ్యాహ్నానికే ఖతం, బట్టలకు లేవు, పిల్లల స్నానానికి లేవు. ఒకనాడు కోపంల ఈ చెల్లె పిందెలు పడ్డ బీరపాదు పీకి అవతల పారేసిందట. తొమ్మిది రోజుల సంది అత్తమ్మ ఈమెతోని మాట్లాడుతలేదు, కంచం పట్టుకొని పోయి దొడ్లె ఒక్కతే కూసొని తింటున్నది, పక్కింటోళ్లకు మాత్రం "నా కోడలు మొక్కకు గుక్కెడు నీళ్లు దక్కనియ్యది" అని చెప్తున్నదట. భర్తనేమో "మీరు మీరు చూస్కోండ్రి" అంటడు.

చెల్లె, ఇసొంటి ఉత్తరానికి ఎవరైనా అర్థం చేస్కోండ్రి, సర్దుకోండ్రి అనే అంటరు. నేనైతే ముందుగాల నీళ్ల లెక్క అడుగుత, ఎందుకంటే మీ ఇంట్ల లొల్లి సగానికి సగం నిజంగనే నీళ్ల లొల్లి, దానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టే పని లేదు.

ఒంటి గంట ఎండల పోయి మళ్ల నీళ్లు పోస్తది, చెప్తే ఇనది అని రాసినవ్ కదా. ఆ టైముకు నువ్వు కూడా ఒకసారి దొడ్లెకు పోయి చూడు. బీర ఆకు, గుమ్మడాకు పెద్దగుంటయ్, మట్ట మధ్యాహ్నం వేరు తాగేదానికన్న ఆకు నుంచి ఆవిరై పోయేది ఎక్కువ ఉంటది, అందుకని మట్టి తడిగున్నా సరే ఆకులు వాలిపోతయ్, పొద్దుగూకంగనే మళ్ల లేస్తయ్. పొద్దున ఆరింటికి కూడా వాడిపోయే ఉంటెనే దానికి దూప అయినట్టు. ఊర్ల చేను కాడ ఈమెకు ఇదంత తెల్వదని కాదు, అక్కడ వంద పనులుండె, ఇక్కడ నాలుగు పాదులు పొద్దంత కండ్ల ముందట్నే ఉంటయ్, ఆకు వాలితె పానం ఆగది మరి. మర్రిగూడ దిక్కు మనిషి కావాల్నని నీళ్లు ఆగం చేస్తదంటె నాకైతె నమ్మబుద్ధి కాలే. నల్లాలల్ల కృష్ణ నీళ్లు రాకముందు ఆ ఊర్లకు ఫ్లోరైడ్ బోరే దిక్కు, పండ్లు గారపట్టినోళ్లు, నడుములు వంగినోళ్లు ఎంతమందో, మంచినీళ్ల బిందె విలువ ఆమెకు మనమా నేర్పేది.

ఇది నువ్వు చెప్తె మళ్ల వాదం అయితది. నీ బిడ్డను పొద్దున నానమ్మెంట పంపు, వేలు మట్టిల గుచ్చి చూడమను, తడి తాకితె ఆ పూటకు పొయ్యొద్దు. పాదుల చుట్టు ఎండాకులో పల్లి పొట్టో మందంగ పరిస్తె ఒక్క పూట పోసిన నీళ్లు రెండు పూటలకు వస్తయ్.

టమాట పూత రాలితె నువ్వు మోటర్ బందు చేసినందుకే అంటున్నదట. ఇండ్ల నీ తప్పేం లేదు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతె టమాట పూత నిలవడు కష్టం, సంపు మొత్తం ఒంపినా అంతే, నల్గొండ ఏప్రిల్ గురించి నీకు నేను చెప్పాల్నా. ఎండల ఆగేటియి బచ్చలి, పుంటికూర, బెండ, గోకరకాయ, దొండ. టమాట తీసేద్దమని మాత్రం నువ్వు అనకు, ఒక పీకుడు అయింది, చాలు.

ఆర్వో మిషన్ వదిలే నీళ్లు పొయ్యొచ్చా అని అడిగినవ్. మన దిక్కు నీళ్లల్ల ఉన్న ఉప్పు, ఫ్లోరైడ్ అంత మిషన్ ఆ పైపులకే తోస్తది, ఆకుకూరలకు వద్దు, బాత్రూం కడుగ వాడు. బియ్యం కడిగినయ్, కూరగాయలు కడిగినయ్, ఏసీ పైపు నుంచి కారేటియి బిందాస్ పొయ్యొచ్చు. మా ఇంట్ల కల్యామాకు చెట్టు ఏసీ నీళ్ల మీదనే బతుకుతున్నది, ఎండకాలం వస్తె దానికే మా అందరికన్న ఎక్కువ సుఖం.

ఇగ మీ ఆయన. ఇల్లు ఆయనది, తల్లి ఆయనకు తల్లి, బోరు చెడితె మెకానిక్‌ను పిలిచేది ఆయన, మరి చూస్కునేది మీరిద్దరేనా? ఆదివారం గ్రీన్ నెట్ తెచ్చి కట్టుడు, పాదుల కోసం వేరే ఒక డ్రమ్ము పెట్టుడు ఆయన పని, అడుగకు, చెప్పు. పొద్దున ఆ డ్రమ్ము నింపితె ఆ రోజుకు అంతే, అత్తమ్మ అండ్ల నుంచి ఎట్ల పోస్కున్నా ఎవ్వరు అడుగొద్దు, నువ్వు కూడా కిటికీలకెంచి లెక్క పెట్టొద్దు. పక్కింటోళ్ల సంగతి కూడా ఆయనే తల్లితోని మాట్లాడాలె, నువ్వు దిగమింగాల్సిన అవసరం లేదు, అట్లని పోయి వాళ్లకు సంజాయిషీ ఇచ్చుడు కూడా వద్దు.

ఒక్క దానికి మాత్రం నాకు జర భయమైంది. రాత్రి నిద్ర పోతలేదు, తెల్లారి నాలుగింటికే దొడ్లె కూసుంటది, తిండి తగ్గింది అని చివర్ల చిన్నగ రాసినవ్. మనిషి పోయి ఏడాది కాలే. అలుక అయితె తగ్గుతది, ఇది రెండు వారాలు దాటి ఇట్లనే ఉంటె డాక్టర్‌కు చూపియ్యుండ్రి, అంతల మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తె తెలుగులనే మాట్లాడుతరు, పైసలేం ఉండయ్.

బీరపాదు పీకింది తప్పే, నువ్వు కూడా ఒప్పుకున్నవ్. ఊరి నుంచి కొంగున కట్టుకొచ్చిన ఇత్తనం అది, మామయ్య ఉన్నప్పుడు ఎండపెట్టిన కాయలది అని నువ్వే రాసినవ్, మరి అది ఒక్క పాదేనా ఆమెకు? అంగట్ల ప్యాకెట్ కొని ఇచ్చి సాపు చేద్దమనుకోకు. పొద్దున ఆమె దొడ్లె ఉన్నప్పుడు రెండు గ్లాసులల్ల చాయ్ పట్టుకొని పో, అక్కడ్నే కూసో, తప్పయింది అత్తమ్మా అను, ఒక్కసారి అంటె చాలు, ఎందుకు చేసినవో చెప్పకు. ఆ ఇత్తనాలు ఇంకేమన్న మిగిలినయా అని అడుగు, ఇప్పుడు పెడుదమా వానలు పడ్డంక పెడుదమా అనేది ఆమెకే ఇడిసిపెట్టు. ఇప్పుడే అంటె మొలకకు నీడ కావాలె, పాత చీర ఒకటి తీసి పెట్టుకో.