పైలట్ సీటా, స్ట్రెచర్ పక్క సీటా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం, నీట్‌కి చదువుతోంది. ఈమధ్య వీడియోలు చూసి, అడవుల్లోని ఊళ్లకు చిన్న విమానంలో వైద్యం చేర్చే పైలట్‌నవుతానంటోంది. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఉందండీ. కాకపోతే మన దగ్గర లేనట్టే. ఏజెన్సీ గూడేల నుంచి గర్భిణులను ఇంకా డోలీలో మోసుకొచ్చి 108 ఎక్కిస్తున్నారు. విమానం దిగడానికి అక్కడ రన్‌వే ఏది? ఈ పని ఎక్కువగా పాపువా న్యూ గినీ, కాంగో లాంటి చోట్ల నడుస్తుంది. కొండవాలు మీదే గడ్డి రన్‌వే ఉంటుంది. ఎగువ వైపుకు దిగాలి, పల్లం వైపుకు లేవాలి. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుందని పొద్దున్నే బయల్దేరతారు. సామానుతో పాటు మనుషుల్నీ కాటా ఎక్కించి తూస్తారు.

జీతం సంగతి వీడియోల్లో ఉండదు. ఈ రంగంలో పెద్దదైన మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ క్రైస్తవ సంస్థ. అక్కడి పైలట్లు చాలామంది తమ చర్చిలు, తెలిసినవాళ్లు ఇచ్చే విరాళాల మీద నెట్టుకొస్తారు. అప్పు చేసి శిక్షణ పొందినవాళ్లకు అది కుదిరే పని కాదు. పైగా కొత్త లైసెన్స్‌తో వెళ్తే ఆ రన్‌వేల మీదికి ఎవరూ పంపరు.

అమ్మాయిని ఒక్కటే అడగండి: ఆ విమానంలో నీకు ఏ సీటు కావాలి? పైలట్ రోగికి వైద్యం చేయడు. కాన్పు కష్టమై తల్లి అవస్థ పడుతున్నా, వాతావరణం బాగోలేకపోతే ‘రాలేను’ అని చెప్పాల్సింది అతనే. ఆ మాట అనలేని పిల్లయితే స్ట్రెచర్ పక్క సీటే నయం. నీట్ ఆపకుండా ఎంబీబీఎస్, ఆపై ఎమర్జెన్సీ మెడిసిన్ వైపు వెళ్లనివ్వండి. 1957లో కెన్యాలో ఫ్లయింగ్ డాక్టర్స్ సేవను మొదలుపెట్టింది కూడా సర్జన్లే.

కాదు, పైలట్ సీటే అంటే సీపీఎల్‌కు (కమర్షియల్ పైలట్ లైసెన్స్) 200 గంటలు ఎగరాలి. ఖర్చు అర కోటికి అటూ ఇటూ. మ్యాథ్స్ లేని బైపీసీ వాళ్లు అర్హత కోసం ఓపెన్ స్కూల్‌లో మ్యాథ్స్ రాసుకుంటారు, అయితే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తాజా నిబంధన చూసుకోండి. బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీకి వెళ్లి మాట్లాడండి. ఫీజు కట్టేముందే పైలట్లకు చేసే వైద్య పరీక్షలు (క్లాస్ 2, క్లాస్ 1 మెడికల్స్) చేయించండి. రంగులు సరిగ్గా గుర్తుపట్టలేకపోతే లక్షలు పోశాక ఏడ్చి లాభం లేదు.

ఇక మన దగ్గర విమానం లేకపోయినా, వికారాబాద్‌లో 2021లోనే డ్రోన్లతో మందులు, టీకాలు పంపి చూశారు. 18 నిండితే డ్రోన్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసైతే చాలు. నీట్ అయ్యాక ఈ వేసవిలో అది చేయించండి, ఖర్చు పెద్దగా ఉండదు.