తమ్ముణ్ణి సెబూ పంపొచ్చా? టైఫూన్ల గురించి నా అనుభవం

తమ్ముడు ఫిలిప్పీన్స్‌లో సెబూలో ఎంబీబీఎస్ చేరుతున్నాడు, సూపర్ టైఫూన్లు అంటుంటే అమ్మ భయపడుతోంది, పంపొచ్చా అని అడిగారు కదండీ. పంపొచ్చు. నేను అక్కడే చదివాను, 2021 డిసెంబర్ 16 రాత్రి ఒడెట్ తుఫాను వచ్చినప్పుడు సెబూలోనే ఉన్నా. మన టీవీల్లో దాన్ని రాయ్ అన్నారు, అక్కడి వాతావరణ శాఖ పగాసా ప్రతి తుఫానుకీ సొంత పేరు పెట్టుకుంటుంది, రెండు పేర్లు చూసి రెండు తుఫాన్లు అనుకుని మా ఇంట్లో అయితే డబల్ కంగారు పడ్డారు.

కోవిడ్ వల్ల చాలామంది ఇండియా వెళ్ళిపోయారు, నాలాంటివాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. మాకు సిగ్నల్ నంబర్ 4, అంటే గాలి తీవ్రతకి ఇచ్చే హెచ్చరిక, ఇచ్చారు. ఆ మధ్యాహ్నం మా ఓనరమ్మ, అక్కడ అక్కని అటే అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం, ఇంట్లో ఉన్న బకెట్లు, డ్రమ్ములు, వంట గిన్నెలతో సహా అన్నీ నీళ్ళు పట్టేసింది. తుఫానుకి నీళ్ళు పట్టడమేంటో నాకర్థం కాలేదు. రాత్రి కరెంట్ పోయింది, గాలి హోరు, పక్కింటి రేకులు లేచి మా గోడకి కొట్టుకుంటుంటే ఆరుగురం ఒకే గదిలో తలుపుకి మంచం అడ్డం పెట్టి కూర్చున్నాం. అది కొన్ని గంటలే. అసలు కష్టం తెల్లారాక మొదలైంది. కరెంట్ లేకపోతే మోటార్లు లేవు, మోటార్లు లేకపోతే నీళ్ళు లేవు, తాగే నీళ్ళ క్యాన్ కోసం గంటలు గంటలు లైన్లో నిలబడ్డాం, పెట్రోల్ బంకుల దగ్గరా అంతే, ఏటీఎంలు పనిచేయలేదు. అటే పట్టిన ఆ నీళ్ళే మమ్మల్ని వారం గట్టెక్కించాయి. నాలుగో రోజు ఒక మాల్ దగ్గర సిగ్నల్ దొరికితే ఇంటికి ఫోన్ చేశా, అమ్మ అప్పటిదాకా అన్నం ముట్టలేదట. మా వీధికి కరెంట్ జనవరిలో గానీ రాలేదు.

మా అమ్మ భయానికి కారణం ఉంది, మాది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన మా అమ్మమ్మ కళ్ళారా చూసింది. మనకి ఉప్పెన అంటే సముద్రం ఊరి మీదకి రావడమని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 2013 నవంబర్ 8న యొలాండా తుఫాను అక్కడి తక్లోబాన్ నగరాన్ని ముంచినప్పుడు మాత్రం స్టార్మ్ సర్జ్, అంటే మన ఉప్పెనే, వస్తుందని ముందే చెప్పినా ఆ మాట చాలామందికి అర్థం కాలేదు, సునామీ అని ఉంటే పరిగెత్తేవాళ్ళం అని తర్వాత బాధపడ్డారు. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయిది ఆ ఊరే, గాలికి భయపడి అందరూ కింద గదుల్లో దాక్కున్నారు, నీళ్ళు అక్కడికే వచ్చాయి అని చెప్పింది. తీరం దగ్గర షెల్టర్లలో ఉన్నవాళ్ళు కూడా పోయారు. మొత్తం 6,300 మందికి పైగా చనిపోయారు.

అందుకే చెప్తున్నా, 1 నుంచి 5 దాకా ఇచ్చే ఆ సిగ్నల్ నంబర్ గాలి సంగతే చెప్తుంది, నీళ్ళ సంగతి చెప్పదు. 2025 నవంబర్‌లో టీనో తుఫాను వచ్చినప్పుడు సెబూలో ఎక్కువమంది ప్రాణాలు తీసింది వరదే, కార్లు ఒకదానిమీదొకటి పడి ఉన్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. కాబట్టి రూం చూసేటప్పుడు కాలేజీకి ఎంత దూరం అని కాకుండా పక్కన ఏరు ఉందా, సముద్రం ఎంత దూరం, పై అంతస్తు దొరుకుతుందా అని అడగండి. ప్రాజెక్ట్ నోవా అని యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ వాళ్ళ మ్యాప్ ఉంది, ఏరియా కొడితే వరద, ఉప్పెన, కొండచరియల ముప్పు మూడూ విడివిడిగా చూపిస్తుంది.

సెబూ బదులు దవావ్ నగరం అయితే సేఫ్ కదా అంటారు చాలామంది. దక్షిణాన ఉంది కాబట్టి తుఫాన్లు తక్కువే, నిజమే, కానీ 2012 డిసెంబర్‌లో పాబ్లో తుఫాను ఆ పక్కనే దవావ్ ఓరియంటల్‌లో తీరం దాటింది, కాబట్టి అక్కడికి మారినా ఈ వాకబు మానకండి.

తమ్ముడికి చేతిలో ఎప్పుడూ కొంచెం క్యాష్, పెద్ద పవర్ బ్యాంక్, మూత గట్టిగా పడే రెండు డ్రమ్ములు ఉండాలి. మూడు నాలుగు రోజులు ఫోన్ కలవకపోవచ్చని అమ్మకి ఇప్పుడే చెప్పి ఉంచండి. రూం ఏ ఏరియాలో చూశారో చెప్తే అక్కడ వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయో లేదో నాకు తెలిసినంత చెప్తా.