అలవాటైన కుక్కపిల్ల మళ్లీ ఇంట్లో పోస్తుంటే ముందు మాత్రలు చూడండి

ప్రశ్న: పశువుల కొట్టం కాపలాకని తెచ్చుకున్న కుక్కపిల్లకు ఇప్పుడు 5 నెలలు, బరువు 12 కిలోలు. రాత్రి ఇంట్లోనే పడుకుంటుంది. 4 నెలలు నిండేసరికే ఒంటికీ రెంటికీ బయటికి వెళ్లడం నేర్చుకుంది. రెండు వారాలుగా మాత్రం రాత్రిపూట ఇంట్లోనే నాలుగైదుసార్లు మూత్రం పోస్తోంది. దాహం బాగా పెరిగింది. వేడి చేసిందని కొందరు, మొండికేసిందని కొందరు అంటున్నారు. పోసినచోట ముక్కు రాసి రెండు దెబ్బలు వేసినా మార్పు లేదు. సాయంత్రం నుంచి నీళ్లు పెట్టడం మానేశాం. ఒళ్లు గోక్కుంటోందని మందుల షాపులో ఇచ్చిన మాత్రలు కూడా రెండు వారాలుగా ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేస్తున్నాం. ఫొటో పంపుతున్నాం. ఇంట్లో పోయకుండా నేలమీద ఏ మందు చల్లాలి?
– ఒక పాడి రైతు

జవాబు: నేలమీద చల్లే మందు సంగతి తర్వాత. మీరు చివర్లో చెప్పిన మాత్రలే ఈ గొడవకు మూలమని నా అనుమానం. ఫొటోలో ఉన్నది ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా. అది స్టెరాయిడ్. అది పడిన కుక్కకు దాహం వేస్తుంది, తాగిన నీళ్లన్నీ మూత్రంగా పోతాయి. ఆకలి కూడా పెరిగే ఉంటుంది, మీరు రాయలేదంతే. మాత్రలు మొదలైన రోజులూ ఇంట్లో పోయడం మొదలైన రోజులూ ఒకటే కావడం మీరు గమనించినట్టు లేదు. వేడీ కాదు, మొండితనమూ కాదు. ఆపుకోలేక పోస్తోంది.

మోతాదు కూడా ఎక్కువే. దురదకు వాడాల్సి వచ్చినా రోజుకు కిలో బరువుకు అర మి.గ్రా. నుంచి 1 మి.గ్రా. ఇస్తాం. మీ పిల్ల బరువుకు అది రోజంతటికీ 6 నుంచి 12 మి.గ్రా. మీరు 20 వేస్తున్నారు. అసలు దురద ఎందుకు వచ్చిందో చూడకుండా ఆ మాత్ర చేతిలో పెట్టడమే తప్పు. పిడుదులో గోమార్లో అయితే వెంట్రుకలు పాయతీసి చూస్తే కంటికే కనిపిస్తాయి. గజ్జి అనుమానం ఉంటే చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూడాలి. ఒకవేళ అది డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు వల్ల వచ్చే గజ్జి అయితే స్టెరాయిడ్‌తో ఇంకా ముదురుతుంది. దురద తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పురుగు పెరుగుతుంది. ఎరువుల కొట్టాయన పంటకు మందు రాసిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పశువుకైనా కుక్కకైనా అదే వరస.

అలాగని ఇది చదివి రేపే మాత్రలు ఆపేయకండి. రెండు వారాలు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే పిల్ల నీరసించి పడిపోవచ్చు. పశువైద్యుడికి చూపించి ఆయన చెప్పినట్టు తగ్గించండి. సాధారణంగా 5–7 రోజులకోసారి మోతాదు సగం చేసుకుంటూ వచ్చి, చివర్లో రోజు విడిచి రోజు ఇచ్చి ఆపుతాం. ఏ టీకా అయినా బాకీ ఉంటే వేయించే ముందు ఈ మాత్రల సంగతి చెప్పండి.

నీళ్లు మాత్రం ఈ రోజే మళ్లీ పెట్టండి. మందు వల్ల నీరు పోతున్న పిల్లకు తాగడానికి లేకుండా చేస్తే ఒంట్లో నీరు తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. కొలిచి పోసి, 24 గంటల్లో ఎంత తాగిందో రాసుకోండి. ఈ బరువుకు 600–700 మి.లీ. మామూలు. 1,200 మి.లీ. దాటితే అతిదాహం కింద లెక్క. ఆ అంకె డాక్టరుకు చెప్పండి. ఉదయం పోసే మూత్రంలో మొదటి ధార వదిలేసి మధ్యది శుభ్రమైన డబ్బాలో పట్టి, 2 గంటల్లోపు పరీక్షకు ఇవ్వండి. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చేరి పైకి తెలియకుండా ఉండిపోవచ్చు. చుక్కచుక్కగా పోస్తున్నా, ముక్కుతున్నా, రక్తం కనిపించినా ఆ రోజే తీసుకెళ్లండి.

ఇక దెబ్బల విషయం. పోసిన గంటకు ముక్కు రాస్తే ఎందుకు రాస్తున్నారో దానికి తెలియదు. మీరు కనిపిస్తే దెబ్బలు పడతాయన్నది మాత్రం తెలుస్తుంది. అప్పుడు మీ కంట పడకుండా మంచం కింద పోస్తుంది. ఇంకా అన్యాయం ఏమిటంటే, బయట గొలుసు పట్టుకుని మీరు పక్కన నిలబడితే అక్కడ కూడా పోయదు. లోపలికి తెచ్చి వదలగానే పోస్తుంది. ఇలా చెడిన కుక్కలను నేను చాలా చూశాను. ప్రతిసారీ యజమాని మాట ఒకటే: కావాలనే చేస్తోందని.

మాత్రలు తగ్గుతుండగా కొత్తగా తెచ్చిన పిల్లలా మళ్లీ మొదలుపెట్టండి. నిద్ర లేవగానే, తిన్న 15 నిమిషాలకు, ఆడిన వెంటనే, పడుకోబోయే ముందు గొలుసు వేసి రోజూ ఒకే చోటికి తీసుకెళ్లండి. మిగతా పగలంతా 3 గంటలకు మించి ఎడం ఇవ్వకండి. మాత్రల మోతాదు తగ్గేదాకా 2 గంటలు చాలు. రాత్రి మధ్యలో ఒకసారి అలారం పెట్టుకుని మీరే లేవాలి. పని పూర్తయ్యాక రెండు క్షణాల్లోపు, అక్కడే, చిన్న ముక్క తినడానికి పెట్టి మెచ్చుకోండి. ఇంట్లోకి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఇంట్లో పోస్తుండగా చూస్తే చప్పట్లు కొట్టి ఆపి బయటికి తీసుకెళ్లండి, అంతకుమించి ఏమీ చేయకండి. మీరు చూడలేని వేళల్లో అది పడుకునేంత చోటులోనే ఉంచండి. పడుకునే చోటు తడుపుకోవడానికి కుక్క తనంతట తాను ఇష్టపడదు. కానీ గంటల తరబడి అక్కడే కట్టేస్తే ఆ గుణమూ పోతుంది.

ఇప్పుడు మీరు అడిగిన మందు. పోయకుండా ఆపే మందేదీ లేదు. చేయాల్సింది పాత వాసన పోగొట్టడం. ఫినాయిల్ వాసన మన ముక్కుకు సరిపోతుంది, దాని ముక్కుకు కాదు. సబ్బు పొడి నీళ్లతో కడిగి, తర్వాత వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడిచి ఆరనివ్వండి. ఎంజైముతో చేసిన క్లీనర్ దొరికితే ఇంకా మంచిది. తడి ఉండగానే బ్లీచింగ్ పౌడర్ చల్లొద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటైన వాయువు వస్తుంది, అది మీకూ మంచిది కాదు.

పాడి రైతునని రాశారు కాబట్టి ఇంకో మాట. మీరు అలవాటు చేసే చోటు గడ్డివాముకు, దాణాకు, నీటి తొట్టికి దూరంగా ఉండాలి. కుక్క మలంతో మేతలోకి నియోస్పోరా అనే పరాన్నజీవి చేరితే చూడి ఆవులు ఈసుకుపోతాయి. ఈసుకుపోయిన దూడనూ మాయనూ కుక్కకు అందనివ్వకుండా లోతుగా పాతండి. మలం ఏ రోజుకారోజు ఎత్తేయండి. నట్టల మందు 6 నెలలు నిండేదాకా నెలకోసారి, ఆ తర్వాత 3 నెలలకోసారి వేయాలి: ఫెన్‌బెండజోల్ కిలోకు 50 మి.గ్రా. చొప్పున (మీ పిల్లకు 600 మి.గ్రా.) వరుసగా 3 రోజులు. బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ కిలోకు 5 మి.గ్రా. ఒక్కసారి. వేసే రోజు మళ్లీ తూచండి, ఈ వయసులో బరువు వారం వారం మారుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. షాపులో ఇంకేమైనా ఇంజక్షన్ కూడా చేశారేమో గుర్తు చేసుకోండి. దాన్నీ దాచకుండా చెప్పండి.