స్టీమ్ అంకె తగ్గితే ఆట ఖాళీ అయిపోయినట్టేనా?

కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో, చాలామంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట గిల్డ్ వార్స్ 2 ఆడుతున్నవారి సంఖ్య చిన్నదిగా ఉందని, నెలనెలా ఇంకా తగ్గుతోందని, ఇప్పుడు ఎక్స్‌పాన్షన్ (ఆటకు డబ్బు పెట్టి కొనే అదనపు భాగం) కొంటే తోడు ఆడేవాళ్లు ఉంటారా అని మీరు అడిగారు. హైదరాబాద్ నుంచి ఈ ఆటను ఏళ్ల తరబడి ఆడుతున్నవాడిగా చెబుతున్నాను: ఆ అంకెలో నేను లేను. మా గిల్డ్‌లోని (కలిసి ఆడే బృందంలోని) పాతవాళ్లలో చాలామంది లేరు. రోజూ రాత్రి కలిసి ఆడుతూనే ఉన్నాం.

కారణం చరిత్రలోనే ఉంది. ఆట 2012 ఆగస్టులో విడుదలైంది, స్టీమ్‌లోకి 2022 ఆగస్టులో వచ్చింది. మధ్యలోని పదేళ్లలో చేరినవాళ్లంతా ఆటను తయారుచేసిన ఎరీనానెట్ సొంత లాంచర్ (ఆటను తెరిచే ప్రోగ్రామ్) నుంచి వచ్చినవాళ్లే. పాత ఖాతాను స్టీమ్‌కు కలుపుకొనే వీలు కంపెనీ ఇవ్వలేదు. స్టీమ్ ఖాతాతో లాగిన్ కావాలంటే కొత్తగా మొదలుపెట్టాలి. లాంచ్ ఆప్షన్లలో ఒక చిన్న ఆదేశం రాసి పాత ఖాతాతోనే స్టీమ్ నుంచి ఆట తెరిచేవాళ్లు కొందరున్నారు, వాళ్లు లెక్కలోకి వస్తారు. కానీ ఏళ్ల కష్టం ఉన్న పాత్రలను వదులుకొని, పాతవాళ్లు ఎవరైనా కొత్త ఖాతా ఎందుకు తెరుస్తారు?

‘స్టీమ్ వాటా ఇంత శాతం, కాబట్టి అసలు సంఖ్య దానికి ఇన్ని రెట్లు’ అని గుణించి చెప్పేవాళ్ల మాట కూడా నమ్మకండి. మన మెట్రో గేట్ల లెక్క పట్టుకొని నగర ప్రయాణికులందరి గురించి తీర్పు చెబితే ఎలా ఉంటుంది? ఫలక్‌నుమా వైపు మెట్రో ఇంకా వెళ్లనే లేదు, ఆ జనం ఏ గేటు దగ్గరా కనిపించరు. ఇక్కడా అంతే. స్టీమ్‌లో ఉన్నది మొత్తంలోంచి కలగలిపి తీసిన గుప్పెడు కాదు. ఎక్కువగా కొత్తవాళ్లు, ఉచితంగా రుచి చూసి వెళ్లేవాళ్లు. వాళ్ల రాకపోకల తీరు వేరు, పదేళ్లుగా ఉన్నవాళ్ల తీరు వేరు.

అది ఏ అంకో కూడా చూడాలి. స్టీమ్ చూపించేది ఆ క్షణంలో ఆట తెరిచి ఉన్నవాళ్ల సంఖ్య. 24 మంది రోజుకు ఒక్కో గంట, వేర్వేరు వేళల్లో ఆడితే ఎప్పుడు చూసినా ఒక్కరే కనిపిస్తారు.

మరి అది పూర్తిగా పనికిరానిదా? కాదు, దాన్ని దానితోనే పోల్చితే పనికొస్తుంది. 2023 ఆగస్టులో ఒక ఎక్స్‌పాన్షన్, 2024 ఆగస్టులో మరొకటి వచ్చాయి. విడుదలప్పుడు జనం ఎగబడటం, కథ పూర్తయ్యాక తగ్గడం ఈ తరహా ఆటలన్నింటిలో ఉన్నదే. కాబట్టి విడుదల నెలను ఆ తర్వాతి నెలలతో పోల్చి భయపడకండి. రెండు విడుదలల తర్వాత అదే వ్యవధిలో ఎలా ఉందో చూడండి. అప్పుడు కూడా తెలిసేది స్టీమ్ దారిలో వచ్చినవాళ్ల సంగతే. మాతృసంస్థ ఎన్‌సీసాఫ్ట్ ప్రతి మూడు నెలలకూ ఇచ్చే ఆదాయ నివేదికలో ఈ ఆటకు విడిగా లెక్క ఉంటుంది. అందులో అన్ని దారుల డబ్బూ కలుస్తుంది కాబట్టి నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను, అది తలల లెక్క కాకపోయినా.

ఇది ఈ ఒక్క ఆట సంగతి కాదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు కోట్ల ఫోన్లలో ఆట ఆగిపోయింది. స్టీమ్‌లోని పబ్జీ కంప్యూటర్ ఆట, నిషేధం దానికి లేదు. ఇక్కడ అంత పెద్ద మార్పు జరిగినా ఆ అంకె చూసేవాడికి దాని జాడ దొరకదు.

సొంత కళ్లనూ పూర్తిగా నమ్మలేం. ఆటలో ఒక్కో ప్రాంతం (మ్యాప్) ఒకేసారి అనేక కాపీలుగా నడుస్తుంది. 2014లో వచ్చిన మెగాసర్వర్ పద్ధతి ఉన్నవాళ్లను వీలైనంత తక్కువ కాపీల్లోకి సర్దుతుంది. అందుకే జనం తగ్గినా మ్యాప్ నిండుగానే అనిపించవచ్చు. దీనికి విరుద్ధమైన సంగతి మన గడియారంలో ఉంది. మనం ఎంచుకోగల సర్వర్లు యూరప్‌లో, ఉత్తర అమెరికాలో మాత్రమే ఉన్నాయి. యూరప్‌లో రాత్రి ఎనిమిదంటే మనకు వేసవిలో పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. ఆఫీసు నుంచి వచ్చి ఏడింటికి కూర్చుంటే అక్కడ ఇంకా మధ్యాహ్నమే, పల్చగా ఉండటం సహజం.

కాబట్టి మీకు కావలసింది ప్రపంచంలో ఎంతమంది ఆడుతున్నారన్న సంఖ్య కాదు, మీరు ఆడే వేళకు ఎవరు ఉంటారన్నది. అసలు ఆట 2015 నుంచి ఉచితం. యూరప్ సర్వర్ ఎంచుకొని, మీకు వీలైన వేళకే కొన్ని సాయంత్రాలు లాగిన్ అవ్వండి. వరల్డ్ బాస్‌లు (చాలామంది కలిసి ఎదుర్కొనే పెద్ద శత్రువులు) ముందే ప్రకటించిన వేళలకు వస్తాయి. వాటి దగ్గర ఎంతమంది చేరుతున్నారో, చాట్‌లో అడిగితే జవాబు వస్తోందో లేదో గమనించండి. భారత వేళల్లో ఆడే గిల్డ్ ఒకటి దొరికితే ఎక్స్‌పాన్షన్ ధైర్యంగా కొనండి. దొరక్కపోతే స్టీమ్‌లో ఎంత పెద్ద అంకె కనిపించినా ఆగండి.