ఇంపేల్డ్ నజరీన్ పాటలు వాయించబోయే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

మీ బ్యాండ్ ఇంపేల్డ్ నజరీన్ పాటలు ఎత్తుకుంటోందని తెలిసి చాలా సంతోషమైంది. ఫిన్లాండ్‌లోని ఔలులో 1990లో పుట్టిన ఆ బ్యాండ్‌ని బ్లాక్ మెటల్ (చీకటి ధోరణి ఉన్న అతివేగపు మెటల్ సంగీతం) గాటన కట్టేస్తే వాయింపు కుదరదు. వాళ్ల వేగానికి వేరు పంక్‌లో, అంటే ముతకగా, సూటిగా ఉండే రాక్‌లో ఉంది. ముందు 1996 నాటి వాళ్ల ఆల్బమ్ ‘లేటెక్స్ కల్ట్’ విను, అందులో ఆ వేరు పైకే కనిపిస్తుంది. తర్వాత, 1980లో ఫిన్లాండ్‌లోనే టోర్నియోలో మొదలైన పంక్ బ్యాండ్ తెర్వేత్ కాదెత్‌ని విను.

మీ డ్రమ్మర్ బ్లాస్ట్ (మెటల్‌లోని అతివేగపు డ్రమ్ దరువు) కంటే ముందు డీ-బీట్ (పంక్ నుంచి వచ్చిన దరువు) పట్టాలి. ఒక బార్‌ని, అంటే తాళంలో ఒక ఆవృత్తాన్ని, ఎనిమిదిగా లెక్కపెట్టమను. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 1, 4, 6 మీద, స్నేర్ (చేత్తో కొట్టే చిన్న డ్రమ్) 3, 7 మీద. తప్పు జరిగేది ఆరో అంకె దగ్గరే. ఆ కిక్ ఐదు మీదికి జారిందంటే అది మామూలు రాక్ బీట్ అయిపోతుంది. మెట్రోనోమ్ (తాళం టిక్కుమనిపించే యంత్రం) నిమిషానికి 120 బీట్లలో పెట్టి, రెండు నిమిషాలు చెదరకుండా వచ్చాకే 5 పెంచాలి. 180 దాకా ఇదే పద్ధతి.

బ్లాస్ట్‌లో కిక్, సింబల్ కలిసి పడాలి, వాటి సందుల్లో స్నేర్. 180 వేగంలో సెకనుకి ఆరు కిక్‌లు, ఆరు స్నేర్ దెబ్బలు. స్టిక్ బిగించి పట్టుకుంటే ముంజేయి త్వరగా పట్టేస్తుంది. వదులుగా పట్టుకుని, తక్కువ ఎత్తు నుంచే కొట్టమను.

అసలు గండం డీ-బీట్ నుంచి బ్లాస్ట్‌లోకి మారే చోట ఉంది. బ్లాస్ట్ వస్తోందన్న తొందరలో ముందు బార్‌లోనే వేగం పెరుగుతుంది, ఆ పెరిగిన వేగంలో బ్లాస్ట్ చేతికి అందదు. నాలుగు బార్లు అది, నాలుగు బార్లు ఇది, ఆపకుండా వాయించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. పక్కనే మెట్రోనోమ్ కూడా నడిపిస్తూ వింటే ఎక్కడ పరుగెత్తారో తెలిసిపోతుంది.

నీ గిటార్‌కి గెయిన్ (ధ్వనిని గరగరలాడించే మోతాదు) నీకు నచ్చినదానికంటే కాస్త తగ్గించు. ఎక్కువైతే ట్రెమొలో పికింగ్‌లో (ఒకే స్వరాన్ని వేగంగా పదేపదే మీటడంలో) నోట్లు కలిసిపోయి వట్టి రొద మిగులుతుంది. మిడ్స్ (మధ్యస్థాయి ధ్వనులు) తీసేయకు. గదిలో ఒక్కడివే వాయిస్తే మిడ్స్ తీసేసిన సౌండ్ బాగానే ఉంటుంది గానీ, డ్రమ్స్ తోడవగానే గిటార్ వినపడదు. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) 1 మిల్లీమీటరు మందంది తీసుకో, స్ట్రింగ్‌కి కొద్దిగా ఏటవాలుగా పట్టు. డీ-బీట్ రిఫ్‌లకు (పదేపదే వచ్చే గిటార్ వరసలకు) మాత్రం వీలైనంతవరకు డౌన్‌స్ట్రోక్‌లే (పైనుంచి కిందికి మీటడమే) వాడు, ఆ బరువు అప్‌స్ట్రోక్‌లో రాదు.

పాడేవాడికి గొంతు మండితే ఆ రోజుకి ఆపేయాలి.

ఇంకొకటి. వాళ్ల పాటల్లో మతదూషణ ఎక్కువ. 1993 నాటి ‘ఉగ్ర-కర్మ’ ఆల్బమ్ మొదటి అట్ట మీద నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి చీల్చే బొమ్మ ఉండేది, తర్వాత మార్చారు. ఆ బొమ్మని మీ పోస్టర్ మీదికి తేవద్దు. బ్యాండ్ పేరు, చోటు, వేళ ఉంటే చాలు.