షేరు కొనే ముందు కోడ్ చూడు

అమ్ములూ,

షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచానని, యాప్‌లో కంపెనీ పేరు కొడితే నాలుగైదు కనిపించి ఏది నొక్కాలో తేలక ఆగిపోయానని రాశావు. ఆగడం మంచిదైంది తల్లీ. డబ్బు వెళ్లేది మనం మనసులో అనుకున్న కంపెనీకి కాదు, నొక్కిన కోడ్‌కి.

మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌నే తీసుకో. షేర్లు కొని అమ్మే మన రెండు పెద్ద ఎక్స్ఛేంజీల్లో ఒకటైన ఎన్ఎస్ఈలో దాని సింబల్, అంటే పొట్టి పేరు, డీఆర్‌రెడ్డి, మధ్యలో ఖాళీ ఉండదు. రెండోదైన బీఎస్ఈలో అదే షేరుకు 500124 అనే ఆరంకెల నంబరు. ధరలో కాస్త తేడా ఉన్నా షేరు ఒకటే. డీమ్యాట్‌లోకి వచ్చాక ఎక్కడైనా అమ్ముకోవచ్చు. న్యూయార్క్‌లో ఆర్‌డీవై అని కనిపించేది మాత్రం డాలర్లలో నడిచే డిపాజిటరీ రసీదు, అంటే ఇక్కడి షేర్ల ఆధారంగా అక్కడ అమ్మే పత్రం. ఆ ధరను ఇక్కడి ధరతో పోల్చకు.

పేరు చూసి మోసపోవడం ఎంత తేలికో 2021లో చూశాం. కరోనా రెండో దశలో ఆక్సిజన్ కోసం జనం అల్లాడుతుంటే, బాంబే ఆక్సిజన్ ఇన్వెస్ట్‌మెంట్స్ షేరు రోజుకింత ఎగబాకింది. ఆ కంపెనీ 2019లోనే గ్యాస్ తయారీ ఆపేసి పెట్టుబడుల వ్యాపారంలోకి మారిపోయింది! కంపెనీ పేజీ తెరిచి రెండు లైన్లు చదివినా ఆ సంగతి తెలిసేది. వాట్సాప్‌లో ఎవరైనా సింబల్ ఒక్కటే పంపి 'కొనెయ్' అంటే నీకు ఈ బాంబే ఆక్సిజన్ గుర్తుకు రావాలి.

సందేహం వస్తే ఐఎస్ఐఎన్ అనే గుర్తింపు నంబరు చూడు. పన్నెండు అక్షరాలు, అంకెలు కలిసిన ఆ నంబరు రెండు ఎక్స్ఛేంజీల్లోనూ ఒకటే. మన కంపెనీల షేర్లకు అది ఐఎన్ఈతో, మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు ఐఎన్ఎఫ్‌తో మొదలవుతుంది. ఎన్ఎస్ఈ సింబల్ పక్కన ఈక్యూ అని ఉంటే మామూలు షేరు. బీఈ అని ఉంటే కొన్నరోజే అమ్మడం కుదరదు, డెలివరీ తీసుకోవాల్సిందే, అంటే షేర్లు నీ ఖాతాలోకి రావాల్సిందే. మొదట్లో నువ్వు వాటి జోలికి పోకు.

కోడ్‌లు మారుతుంటాయి కూడా. 2025లో జొమాటో కంపెనీ పేరు ఎటర్నల్ అయ్యాక సింబల్ కూడా మారింది. ఎప్పుడైనా నీ ఖాతాలో తెలియని పేరు కనిపిస్తే టెన్షన్ పడి అమ్మేయకు, ముందు ఎక్స్ఛేంజీ ప్రకటన చదువు.

మొదటి ఆర్డర్ ఒక్క షేరుకే, లిమిట్ ధర, అంటే ఇంతకు మించి ఇవ్వనని నువ్వు చెప్పే ధర, వేసి పెట్టు. సాయంత్రం మెయిల్‌కి ఏం కొన్నావో, ఎంతకు కొన్నావో చూపే కాంట్రాక్ట్ నోట్ వస్తుంది. అది నాకు పంపు, ఫోన్‌లో లైను లైనూ చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య