మైలుతుత్తం దగ్గర మొదలుపెట్టు

నెల్లూరు

చిరంజీవికి,

పరివర్తన మూలకాల (ఇనుము, రాగి, మాంగనీసు లాంటి లోహాల) మీద పత్రిక కోసం రాసి నువ్వు పంపిన వ్యాసం చదివాను. పెద్ద తప్పులేం లేవు గానీ, ఇంటర్ గైడు చదివినట్టుంది. ‘వివిధ ఆక్సీకరణ స్థితులు చూపుతాయి, రంగు సమ్మేళనాలనిస్తాయి, ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయి’ అని వరసగా అప్పజెప్పేశావు. పరీక్షలో మార్కులు పడతాయి. ఆదివారం పేపరు తిరగేసేవాళ్లు మాత్రం రెండో పేరాకే పేజీ తిప్పేస్తారు.

మీది పొదలకూరు పక్కనే కదా, నిమ్మతోటల మధ్య పెరిగావు. ఎరువుల కొట్లో జింక్ సల్ఫేటు, మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) చూసే ఉంటావు. ఒకటి తెలుపు, ఒకటి నీలం. రెండూ సల్ఫేట్లే. ఆవర్తన పట్టికలో రాగి 29, జింకు 30, పక్కపక్క గళ్లు. మరి ఒకదానికే రంగెందుకు? అక్కడ మొదలుపెట్టు. రాగి అయాన్‌ డి ఆర్బిటాళ్లలో, అంటే పది ఎలక్ట్రాన్లు పట్టే చోట్లలో, తొమ్మిదే ఉన్నాయి, ఒక చోటు ఖాళీ. చుట్టూ చేరిన నీటి అణువుల వల్ల ఆ ఆర్బిటాళ్ల శక్తిలో ఎక్కువతక్కువలు వస్తాయి. కిందున్న ఎలక్ట్రాన్ కాంతిలో ఎరుపు వైపు భాగాన్ని మింగి పైకెక్కుతుంది, మిగిలిన నీలం మన కంట పడుతుంది. జింకులో పదీ నిండిపోయాయి, ఎక్కడానికి చోటు లేదు. జింకును పరివర్తన మూలకాల్లో ఎందుకు కలపరో కూడా ఇక్కడే తేలిపోతుంది. ‘పరమాణువులో గానీ అయానులో గానీ డి ఆర్బిటాళ్లు పూర్తిగా నిండనివే పరివర్తన మూలకాలు’ అన్న నిర్వచనాన్ని తెచ్చి మొదటి వాక్యంలోనే ఎందుకు కూర్చోబెట్టావో!

మైలుతుత్తాన్ని పరీక్షనాళికలో వేడి చేసి చూడు. నీరు పోయి తెల్లటి పొడి మిగులుతుంది. చల్లారాక ఓ చుక్క నీళ్లు వెయ్యి, మళ్లీ నీలం. ఖాళీ ఒక్కటే ఉంటే చాలదని, చుట్టూ ఎవరున్నారన్నదీ ముఖ్యమేనని పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

తోటల్లో తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం సంగతీ రాయి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. ఇనుప కొడవలి ముంచి తీస్తే ఎర్రటి పూత పడిందా, సున్నం ఇంకా కావాలని లెక్క. ఆ పూత రాగే. ఇలా ఒక లోహం ఇంకోదాన్ని ద్రావణంలోంచి బయటికి నెట్టడం పరివర్తన మూలకాలకే సొంతమైన గుణం కాదు, ఆ ముక్క దాచకు.

‘రంగులన్నీ డి ఎలక్ట్రాన్ల గెంతు వల్లే’ అన్న వాక్యం కొట్టెయ్. బావిలో వేసే పర్మాంగనేట్‌లో మాంగనీసు ఆక్సీకరణ స్థితి +7, అంటే లెక్కలో ఏడు ఎలక్ట్రాన్లు వదులుకున్నట్టు; డి ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగల్లేదు. ఆ ఊదా రంగు, ఆక్సిజన్ వైపు నుంచి ఎలక్ట్రాన్ మాంగనీసు వైపు మారడం వల్ల వచ్చేది. ఆమ్లంలో క్షయీకరించి, అంటే ఎలక్ట్రాన్లు అందించి, +2కు దింపితే రంగు దాదాపు పోతుంది. ఎలక్ట్రాన్లుండే 4ఎస్, 3డి ఆర్బిటాళ్ల శక్తులు దగ్గరదగ్గరగా ఉండబట్టే ఇన్ని స్థితులు.

ఒకే రాతిలో ఇనుము +2, +3 రెండు స్థితులూ కావాలంటే ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంది. అయస్కాంతానికి అంటుకుంటుంది కూడా. ఉత్ప్రేరకాలకు యూరియా బస్తా చాలు. దానికి కావలసిన అమ్మోనియా తయారయ్యేది ఇనుము సాయంతోనే. రెండు వాక్యాల్లో తేల్చెయ్.

నీ వ్యాసంలోని రంగుల పట్టిక తీసేసి మళ్లీ పంపు. పర్మాంగనేట్ పేరా మాత్రం ఎవరైనా కెమిస్ట్రీ లెక్చరర్‌కు చూపించాకే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు